ప్రమాణ శిలకు పడ్డ మచ్చ

మాలకొండయ్య ఇరవై రెండేళ్ళుగా రాళ్ళ వ్యాపారంలో ఉన్నాడు. ఇన్నేళ్ళలో ఆయన రాయి నల్లగా లేదన్నవాళ్ళున్నారు, మరీ నల్లగా ఉందన్నవాళ్ళున్నారు, చుక్కలు తక్కువయ్యాయన్నవాళ్ళున్నారు. వంటింటి గట్టు పక్కింటివాళ్ళ గట్టు కంటే అంగుళం పొట్టిగా ఉందని గృహప్రవేశం నాడు పాలు పొంగించడం ఆపి మరీ వచ్చి దెబ్బలాడిన మహానుభావుడు కూడా ఒకడున్నాడు. కానీ అది అసలు రాయే కాదని మాత్రం ఎవరూ అనలేదు. ఆ మాట అనడానికి ప్రత్యేకంగా ఒక మండలిని పెట్టాల్సి వచ్చింది.

ఆ మండలి పేరు ఏకరూప ఉపరితల ప్రమాణాల మండలి. అక్కడి నుంచి ఉత్తరం మంగళవారం వచ్చింది. చీమకుర్తి రోడ్డు మీద ఉన్న తన ఫ్యాక్టరీ ముందు, కోతకు పనికిరాక పక్కన పడేసిన బండ మీద కూర్చుని మాలకొండయ్య దాన్ని విప్పాడు.

"సదరు యూనిట్ వారు పరీక్ష నిమిత్తము సమర్పించిన నల్లని, బరువైన, గట్టి వస్తువును ప్రమాణ శిలతో సరిపోల్చగా, అది రాయి అనుటకు తగిన ఆధారములు లభ్యము కాలేదు. కావున సదరు వస్తువు రాయి కాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది. ముప్పది దినములలోగా రాయిని సమర్పించని యెడల యూనిట్‌కు సీలు వేయబడును."

మాలకొండయ్య రెండుసార్లు చదివాడు. తర్వాత ఒకసారి వంగి, తను కూర్చున్నదేమిటో చూసుకున్నాడు.

లోపల పాలిష్ మేస్త్రీ మస్తాన్ పలక మీద నీళ్ళు కొడుతున్నాడు. మాలకొండయ్యకు రాయి గురించి తెలిసిందంతా ఆయన నేర్పిందే. నలభై ఏళ్ళు కోత యంత్రాల పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి. మనుషుల మాట వినపడదు గానీ, చిన్న సుత్తితో పలక మీద ఒక దెబ్బ తడితే మాత్రం ఏ మూల సన్నని పగులుందో చెప్పేస్తాడు. అది చెవితో వింటాడో, సుత్తి పట్టుకున్న చేత్తో వింటాడో ఆయనకే తెలియాలి. ఆయన తట్టి "ఊ" అనకుండా ఆ ఫ్యాక్టరీ నుంచి ఒక్క పలక బయటికి పోదు.

"మామా! మన రాయి రాయి కాదంట!"

"ఏంది?"

"రాయి కాదంట!"

"సరిగా ఇనపళ్ళా. ఇంకోసారి చెప్పు."

మూడోసారి అరిచేసరికి ఫ్యాక్టరీలో ఉన్న ఇరవై ఆరుమందీ యంత్రాలాపి వచ్చి చుట్టూ నిలబడ్డారు. అప్పుడు ఆ నిశ్శబ్దంలో మస్తాన్‌కు వినిపించింది. ఆయన సుత్తి తీసి ఎదురుగా ఉన్న పలకను ఒక్కసారి తట్టాడు. ఖంగుమంది.

"ఇది రాయి. ఈ మాట ఆ కాయితం రాసినాయనతోనే అనిపించుకురా అబ్బయ్యా. అంతదాకా నేను ఈ సుత్తి ముట్టను. రాయి కానిదాన్ని తట్టడానికి నాకేమన్నా పిచ్చా?"

సుత్తి తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాడు. మాలకొండయ్యకు సీలు సంగతి కంటే ఆ అటక మీది సుత్తే ఎక్కువ గుచ్చుకుంది. పైగా సరిగ్గా అప్పుడే నలభై రెండు సర్కారు హాస్టళ్ళ వంటిళ్ళకు గట్లు వేసే పని చేతిలో ఉంది. రాళ్ళు కోసి, అంచులు దిద్ది, వరసగా నిలబెట్టి ఉన్నాయి. అవి రాళ్ళు కావంటే ఇరవై ఆరు కుటుంబాలు ఏం కావాలి?

ఇంతకీ మండలి ఎందుకు పుట్టిందో చెప్పాలి. ఒక పెద్దమనిషి కొత్త ఇల్లు కట్టుకుంటూ షోరూములో ఒక పలక చూసి ముచ్చటపడ్డాడు. ఇంట్లో బిగించాక చూస్తే, షోరూము పలకలో ఎడమకు పారిన గీత ఇంటి పలకలో కుడికి పారింది. రాయిలో క్రమశిక్షణ లోపించిందని ఆయన బాధపడ్డాడు. పెద్దవాళ్ళు బాధపడితే ఊరికే పోదు, ఒక మండలి ఏర్పడుతుంది.

రాష్ట్రంలో ఉన్న రాళ్ళన్నీ ఒకేలా ఉండాలంటే ముందు ఒక రాయి కావాలి కదా. మండలి సభ్యులు నలభై ముక్కలు తెప్పించి బల్ల మీద పరిచారు. వాటిలో ఏది అన్నిటికంటే రాయిలాగా ఉందో ఓటింగు పెట్టారు. తెల్లగా, నున్నగా, లేత బూడిద రంగు గీతలతో ఒక ముక్క ఏకగ్రీవంగా గెలిచింది. ఆ ఒక్కటి తప్ప తక్కిన ముప్పై తొమ్మిదీ భూమిలోంచి వచ్చిన రాళ్ళు. గెలిచింది మాత్రం రాతిపొడిలో జిగురు కలిపి, అచ్చులో పోసి, యంత్రంతో నొక్కి, పైన గీతలు దిద్దిన పలక. ఈ మధ్య ఊళ్ళో ఏ కొత్త వంటింట్లో చూసినా అదే ఉంటోంది. ముప్పై ఇళ్ళలో అదే గీత అదే చోట ఉంటుంది. ఓటు వేసినవాళ్ళు దాన్ని తప్పు పట్టడానికేమీ లేదు. రాయిలాగా ఉండాలని కష్టపడి చేసినది అదొక్కటే.

దానికి ప్రమాణ శిల అని పేరు పెట్టి, అద్దాల పెట్టెలో ఉంచి, శుక్రవారం శుక్రవారం కుంకుమబొట్టు పెట్టసాగారు. ప్రయోగశాల దాన్ని పరీక్షించి, ఇందులో ఎనిమిది శాతం జిగురు ఉందని తేల్చింది. కాబట్టి రాయి అన్నాక ఎనిమిది శాతం జిగురు ఉండితీరాలని మండలి తీర్మానించింది. రంగు విషయంలో మాత్రం స్థానికుల మనోభావాలను దృష్టిలో పెట్టుకుని సడలింపు ఇచ్చింది.

మాలకొండయ్య బుధవారం ఒంగోలులోని మండలి ఆఫీసుకు వెళ్ళాడు. ఆ ఉత్తరం మీద సంతకం పెట్టిన సంయుక్త సంచాలకులు పరాంకుశం గారు ఆయన్ను సాదరంగా కూర్చోబెట్టారు. పరాంకుశం గారు లంచం పుచ్చుకునే మనిషి కాదు. అదే పెద్ద చిక్కయింది. పుచ్చుకునే మనిషయితే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

"చూడండి మాలకొండయ్య గారూ, మీ వస్తువు మంచిది కాదని మేము అనడం లేదు. గట్టిదే. బరువైనదే. అయితే గట్టిగా, బరువుగా ఉన్నంత మాత్రాన ప్రతిదీ రాయి అయిపోతుందా? అలా అయితే ఈ కార్యాలయంలో చాలా దస్త్రాలను రాళ్ళుగా గుర్తించాల్సి వస్తుంది."

"కొండలోంచి తీశాం సార్. మా కళ్ళముందే తీశాం."

"ఉత్పత్తి స్థానం ప్రామాణికం కాదు. కొండల్లోంచి పాములు కూడా వస్తాయి. వాటిని రాళ్ళంటామా?"

"అనం సార్."

"మరి? మీ నివేదిక చూడండి. జిగురు శాతం, శూన్యం. జిగురే లేనప్పుడు ఈ రేణువులన్నీ దేని ఆధారంగా అతుక్కుని ఉన్నాయి?"

మాలకొండయ్య ఈ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. "దేవుడట్టా చేసినాడు సార్," అన్నాడు.

పరాంకుశం గారు ఫారం తిరగేసి వేలు పెట్టి చూపించారు. "తయారీదారు పేరు అన్న గడి మీరు ఖాళీగా వదిలేశారు. అదొక అదనపు లోపం."

మాలకొండయ్య ప్రమాణ శిలను చూడాలన్నాడు. అటెండరు యేసోబు తాళంచెవి తెచ్చి గది తలుపు తీశాడు. మాలకొండయ్య అద్దానికి ముక్కు ఆనించి ఒక్క నిమిషం చూశాడు. ఇరవై రెండేళ్ళ కన్ను అది, ఒక్క నిమిషం కూడా అక్కర్లేదు.

"సార్, ఇది పోత పలక సార్. రాతిపొడీ జిగురూ కలిపి పోసింది. ఒక్కసారి తట్టి చూపిస్తా, మీరే ఇనండి."

యేసోబు కిటికీలోంచి బయటికి చూశాడు. పరాంకుశం గారికి కోపం రాలేదు. చిన్నపిల్లవాడికి ఎక్కాలు చెప్పే ఓపికతో చెప్పారు.

"మీరు మీ కొలబద్దతో ప్రమాణాన్ని కొలుస్తున్నారు. అది పద్ధతి కాదు. ప్రమాణంతోనే తక్కినవాటిని కొలవాలి. మీటరు కడ్డీ మీటరు కంటే పొట్టిగా ఉందని ఎవరైనా ఫిర్యాదు చేస్తారా? ప్రమాణం తప్పు కావడానికి మన నియమావళిలో అవకాశమే లేదు. మీకు అసంతృప్తి ఉంటే పునఃపరిశీలనకు దరఖాస్తు చేసుకోండి. కొత్త నమూనా తీసుకురండి."

"తెస్తా సార్. ఇది రాయి అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టి ఇయ్యండి, చాలు. మా మేస్త్రీ సుత్తి అటక మీద పెట్టినాడు."

"మీ సంస్థ అంతర్గత వ్యవహారాల్లో మండలి జోక్యం చేసుకోదు," అన్నారు పరాంకుశం గారు.

పునఃపరిశీలనకు పన్నెండో రోజున పిలుపు వచ్చింది. మాలకొండయ్య అంతకుముందు మస్తాన్ తట్టి ఊ అన్న పలకల్లో మంచిది ఏరి, ఆటోట్రాలీలో ఎక్కించుకుని బయల్దేరాడు. ఊరి బయట గనుల చెక్‌పోస్టులో అడ్డకర్ర దించి ఆపారు.

"ఏంది సరుకు? రాయేనా?" అన్నాడు కుర్చీలో కూర్చున్న ఉద్యోగి.

మాలకొండయ్యకు ఉక్రోషం ఆగలేదు. మండలి ఉత్తరం తీసి ఇచ్చాడు. "రాయి కాదంట. మీరే చదువుకోండి."

ఉద్యోగి చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు. "ఒంగోలులో కాకపోవచ్చబ్బా. ఈ కర్ర కాడ మాత్రం ఇది రాయే. ఈడ రాయి, ఆడ కాదు. ఈ రిజిస్టర్‌లో 'ఇది రాయి' అని రాసి సంతకం పెట్టి పో."

"మీరే రాసుకోండి."

"సరుకు ఎవుడిదైతే వాడే రాయాల. రూలు."

మాలకొండయ్య రాసి సంతకం పెట్టాడు. తన రాయి రాయేనని తను సంతకం పెడితే ఏం లాభం? ఆ సంతకం పెట్టాల్సిన చెయ్యి ఒంగోలులో ఉంది.

పునఃపరిశీలన సభ పదకొండింటికి మొదలైంది. ఐదుగురు సభ్యులు కూర్చున్నారు. ప్రమాణ శిలను పెట్టెలోంచి తీసి బల్ల మీద పెట్టి, పక్కన మాలకొండయ్య తెచ్చిన నల్ల పలకను పెట్టారు. ఒక సభ్యుడు రెండింటినీ చేత్తో నిమిరి, నల్లది చల్లగా ఉందని అభ్యంతరం చెప్పాడు. ఇంకొకాయన కళ్ళజోడు సవరించుకుని, నల్లదాంట్లో చుక్కలు ఒక వరసలో లేవనీ, ఇది నిర్లక్ష్యానికి సూచన అనీ అన్నాడు. మూడో ఆయన టీ ఎప్పుడొస్తుందని అడిగాడు.

యేసోబు టీ తెచ్చాడు. పక్క గదిలో కాయిల్ పొయ్యి మీద కాగీ కాగీ అడుగు మాడబోతున్న అల్యూమినియం కెటిల్‌ను గుడ్డతో పట్టుకుని పరుగున వచ్చాడు. బల్ల నిండా దస్త్రాలు. కాగితాల మీద పెడితే అంటుకుంటాయని, ఖాళీగా కనబడ్డ రాయి మీద పెట్టాడు. రాయి మీద కాక వేడి గిన్నె ఎక్కడ పెడతారు ఎవరైనా?

కప్పుల్లో పోద్దామని ఎత్తేసరికి ప్రమాణ శిల మీద గుండ్రంగా, మాడిన రొట్టె రంగులో ఒక మచ్చ ఉంది. సన్నగా పొగ కూడా లేచింది, ప్లాస్టిక్ కాలిన వాసన వేసింది.

 యేసోబు కెటిల్ పట్టుకునే గోడ దాకా వెనక్కి జరిగాడు. మాలకొండయ్య ఆ కెటిల్ అందుకుని, అంత వేడిదీ తన నల్ల పలక మీద దించాడు. అందర్నీ చూడమని సైగ చేసి ఎత్తాడు. ఏమీ లేదు. తడి గుడ్డతో తుడిస్తే అద్దంలోలాగా పరాంకుశం గారి ముఖం కనిపించింది.

"చూశారా సార్! రాయి కాలదు. కాలిందంటే అది రాయి కాదు. ఇంకేం సాక్ష్యం కావాల?"

మాలకొండయ్య గుండె పొంగింది. తన పని అయిపోయిందనుకున్నాడు. ఆయనకు రాళ్ళ గురించి తెలిసినంతగా మండళ్ళ గురించి తెలియదు.

పరాంకుశం గారు లేచి నిలబడ్డారు. యేసోబు వైపు చూసి, "నువ్వు భయపడకు. నీవల్ల ఏ నష్టమూ జరగలేదు," అన్నారు. లంచం ముట్టడనే కాదు, మనిషి కూడా మంచివాడే. తర్వాత సభ్యుల వైపు తిరిగారు. "ప్రమాణ శిలకు మచ్చ పడిందన్న మాట సాంకేతికంగా అసంభవం. ఎందుకంటే ప్రమాణ శిల ఎలా ఉందో అదే ప్రమాణం. ఇప్పుడు అది వలయాకార గోధుమవర్ణ లాంఛనంతో ఉంది. కనుక రాయికి అటువంటి లాంఛనం ఉండాలి. పక్కన ఉన్న ఈ నల్లని వస్తువును అందరూ చూశారు. అదే కెటిల్ పెట్టినా లాంఛనం ఏర్పడలేదు. ఇది రాయి కాదనడానికి ఇంతవరకు ఒక్క ఆధారమే ఉండేది. దరఖాస్తుదారు స్వయంగా రెండో ఆధారం సమకూర్చారు. వారి సహకారానికి మండలి తరఫున కృతజ్ఞతలు."

సభ్యులు బల్లలు చరిచారు. లాంఛనం వ్యాసాన్ని స్కేలుతో కొలిచి తీర్మానంలో రాశారు.

ఆ వారం ఒంగోలు బజార్లో కెటిళ్ళు దొరకలేదు. పోత పలకల వ్యాపారులు డజన్ల లెక్కన కొనుక్కుపోయి, మాడేదాకా కాచి, పలక పలకకూ ముద్ర వేసుకున్నారు. వాళ్ళకు అదెంతసేపు?

చిక్కంతా మాలకొండయ్యకే. గడువు ఇంకా పద్దెనిమిది రోజులుంది. కెటిల్ పెట్టి చూశారు, మచ్చ పడలేదు. ఎర్రగా కాల్చిన పెనం పెట్టారు, పడలేదు. నిప్పులు పోసి గంటసేపు ఉంచి ఊడ్చేస్తే కింద రాయి కొత్త పెళ్ళికొడుకులా మెరిసింది. చివరకు గ్యాసు మంట పెడితే పైన పెచ్చు లేచి ఊడింది గానీ, మచ్చ మాత్రం పడలేదు. ఇంతలో మస్తాన్ తట్టకుండా పంపిన పలకలు రెండు దారిలో నిలువునా పగిలాయి. మాలకొండయ్య తనే ఇంకో సుత్తి పట్టుకుని తట్టి చూశాడు. ఆయనకు అన్నీ ఒకలాగే వినిపించాయి.

"మామా, నువ్వే ఏదన్నా దారి చూపించాల," అని మస్తాన్ చెవి దగ్గర అరిచాడు.

మస్తాన్ కళ్ళు ఎర్రబడ్డాయి. "నలభై ఏళ్ళు మచ్చ లేకుండా తోమినా అబ్బయ్యా. ముసలితనాన మచ్చ పెట్టమంటన్నావు."

"ఇరవై ఆరుమంది, మామా."

మస్తాన్ గేటు దగ్గర ఊరికే కూర్చున్న కుర్రాళ్ళ వైపు చాలాసేపు చూశాడు. లేచి, పలక మీద దారం పెట్టి గుండ్రంగా గీత గీశాడు. గీత వెంట వేలెడు వెడల్పున యంత్రంతో గాడి తీశాడు. తుప్పు రంగు రాయి ఒకటి వెతికి, దాన్ని చేతిగాజులాగా గుండ్రంగా కోసి, గాడిలో జిగురు వేసి కూర్చాడు. పైన తోమితే ఎక్కడా అతుకు తెలియలేదు. ఎవరో ఇప్పుడే కెటిల్ ఎత్తినట్టుంది. దేవుడి మెడలో పతకం పొదిగినంత శ్రద్ధగా ఆ మచ్చను పొదిగాడు. చేతకాని పని ఆయనకు చేతకాదు.

మండలి ప్రయోగశాల సరిగ్గా ఆ గుండ్రం మీదే బెజ్జం వేసి పరీక్షించింది. జిగురు ఉంది. లాంఛనం ఉంది. వ్యాసం సరిపోయింది. ఇరవై ఎనిమిదో రోజున పత్రం వచ్చింది. మాలకొండయ్య దాన్ని ఫ్యాక్టరీలో అందరి ముందూ గట్టిగా చదివాడు. "సదరు వస్తువును రాతితో సమానముగా పరిగణించుటకు మండలికి అభ్యంతరము లేదు."

మస్తాన్ రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. "సమానం అన్నాడు. రాయి అన్లా."

సుత్తి అటక మీదే ఉండిపోయింది.

హాస్టళ్ళ వంటిళ్ళలో గట్లు బిగించారు. వంటవాళ్ళు ముందు ఆ గుండ్రం సాంబారు గిన్నె పెట్టుకోవడానికే అనుకుని సంతోషించారు. వారం తిరక్కుండా మండలి నుంచి పరిశీలకుడు వచ్చాడు. గిన్నె పెడితే లాంఛనం కనబడదు, కనబడకపోతే కింద ఉన్నది రాయో కాదో తెలియదు. కాబట్టి లాంఛనం మీద గానీ, దాని చుట్టుపక్కల గానీ పాత్రలు పెట్టరాదని నోటీసు అంటించి పోయాడు. పక్కన మిగిలిన చోటు తరిగిన కూర పెట్టుకోవడానికి కూడా చాలదు. వంటమనిషి సామ్రాజ్యమ్మ నడుం నొప్పని నిలబడి వంట చేయడానికి గట్టు అడిగి అడిగి సాధించుకున్న మనిషి. ఇప్పుడు తళతళలాడే గట్టు కింద, నేల మీద పీట వేసుకుని వంకాయలు తరుగుతోంది. గట్టు మీద మాత్రం ఎవరూ ఏమీ పెట్టకుండా కాపలా కాస్తోంది.

ఇదంతా అయిన నెలకు, ఒక ఆదివారం ఉదయం, ఫ్యాక్టరీ ముందు ఒక కారు ఆగింది. వెనకే ఒక చిన్న ట్రాలీ. కారులోంచి పరాంకుశం గారు, ఆయన భార్య విశాలాక్షి గారు దిగారు. పరాంకుశం గారు టోపీ పెట్టుకుని ఉన్నారు. ఎండ అంతగా ఏమీ లేదు.

"మా వంటింటికి ఒక గట్టు రాయి కావాలండీ," అన్నది విశాలాక్షి గారు తిన్నగా.

మాలకొండయ్య గుండ్రం పొదిగిన పలకల వరస చూపించాడు. ఆవిడ ముఖం చిట్లించింది.

"ఈ మచ్చలేమిటండీ బాబూ? మచ్చలు చూడలేకే కదా వచ్చాను. మా ఇంట్లో ఉన్నది, అదే ఆ తెల్లది, మొన్న బూరెల మూకుడు దించితే ఇంత మేర కాలిపోయింది. ఈయనేమో లాంఛనం అంటారు. ఎవరైనా వస్తే నేను దాని మీద పళ్ళెం బోర్లించుకుంటున్నాను."

మాలకొండయ్య పరాంకుశం గారి వైపు తిరిగాడు. "మచ్చ లేనిది కావాలంటే ఉంది సార్. కానీ అది రాయి కాదు గదా."

పరాంకుశం గారు గొంతు తగ్గించారు. "ఆఫీసుకు ప్రమాణం ముఖ్యం మాలకొండయ్య గారూ. ఇది ఇల్లు. పైగా ఇవాళ ఆదివారం."

వెనక షెడ్డులో, మచ్చలు పొదగడం మొదలుపెట్టకముందు తోమిన పలక ఒకటి మిగిలి ఉంది. విశాలాక్షి గారు దాని చుట్టూ తిరిగి, అరచెయ్యి ఆనించి, వేలి కణుపులతో ఒకసారి తట్టింది. మూల నిలబడ్డ మస్తాన్ తల ఎత్తాడు.

"మా అమ్మమ్మ రుబ్బురోలు ఇలాగే మోగేది. రాయంటే ఇదండీ!" అన్నదావిడ.

"మా ఆవిడ మాటలు పట్టించుకోకండి. ఆమెకు సాంకేతిక పరిజ్ఞానం లేదు," అన్నారు పరాంకుశం గారు కంగారుగా.

పలకను ట్రాలీలోకి ఎక్కించారు. దారిలో ఎవరైనా అడిగితే ఏం చూపించాలని పరాంకుశం గారు అడిగారు. మాలకొండయ్య లోపలికి వెళ్ళి, మొదటి ఉత్తరం నకలు తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇది చూపించండి సార్. ఇది రాయి కాదని మీరే సంతకం పెట్టి ఇచ్చిన కాయితం. ఇంతకు మించిన కాయితం నా దగ్గర లేదు." పరాంకుశం గారు తన సంతకాన్ని చూసుకుని తృప్తిపడి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

పావుగంట గడిచింది. ఫోను మోగింది.

"మాలకొండయ్య గారూ, ఇక్కడ చెక్‌పోస్టులో కొంత అవగాహనా లోపం ఏర్పడింది. ఇది రాయి కాదని అధికారికంగా తెలియజేశాను. నా ఉత్తరం చూపించాను. వీళ్ళు వినడం లేదు. ఏదో రిజిస్టరట, అందులో సరుకు యజమాని స్వహస్తాలతో... మీరు కాస్త ఈ ఉద్యోగికి చెప్పండి."

"ఏం చెప్పమంటారు సార్? ఆయన రూలు ఆయనది."

ఫోనులో వెనక నుంచి హారన్లు, ట్రాలీ డ్రైవరు గొణుగుడు, వాటి మీదుగా విశాలాక్షి గారి గొంతు వినిపించాయి. "ఎంతసేపండీ రోడ్డు మీద! రాయే కదా, రాయని రాసి పారేయండి!"

మాలకొండయ్య కోత యంత్రాలవైపు చెయ్యెత్తాడు. ఒక్కొక్కటే ఆగిపోయాయి. ఫోను స్పీకరు పెట్టి, మస్తాన్ చెవి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇరవై ఆరుమందీ చుట్టూ చేరారు.

ముందు కలం గీకిన చప్పుడు వచ్చింది. తర్వాత చెక్‌పోస్టు ఉద్యోగి గొంతు, "సంతకం కింద హోదా కూడా రాయండి సార్. నోటితో కూడా చెప్పాల. సరుకేంది?" అంది.

వెనక హారన్లు మళ్ళీ మోగాయి. ఆ తర్వాత పరాంకుశం గారు, కొత్తగా మాటలు నేర్చుకుంటున్నవాడిలా, నెమ్మదిగా అన్నారు.

"ఇది... రాయి."

కుర్రాళ్ళు ఈలలు వేశారు. మాలకొండయ్య కళ్ళు తుడుచుకుని మస్తాన్ వైపు చూశాడు. ముసలాయన అటక మీది సుత్తి అప్పటికే దించి, చొక్కా అంచుతో దాని దుమ్ము తుడుస్తున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు.

"సరిగా ఇనపళ్ళా అబ్బయ్యా. ఇంకోసారి చెప్పమను."